పాఠం పిందె దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నేను ఆరు, ఏడు తరగతులకు సైన్స్ చెబుతాను. ఒక్కో తరగతిలో నలభై మంది దాకా ఉంటారు. పరాగ సంపర్కం పాఠం చార్టు పెట్టి చెప్పాను. పిల్లలు తేనెటీగ బొమ్మ చక్కగా వేస్తున్నారు. "తేనెటీగ పువ్వు దగ్గరికి ఎందుకు వస్తుంది?" అని పరీక్షలో అడిగితే మాత్రం చాలామంది "పరాగ సంపర్కం చేయడానికి" అని రాశారు. ఈసారి రెండు నెలల పాటు వారానికో పీరియడ్ దీనికే కేటాయించారు. బడి వెనక కొంత ఖాళీ స్థలం ఉంది. తేనెటీగల పెట్టె పెడదామని హెడ్మాస్టరుగారు అంటున్నారు. కుడతాయేమోనని తల్లిదండ్రులు భయపడుతున్నారు. ఎలా చెబితే పిల్లలకు నిజంగా అర్థమవుతుంది?

జవాబు: టీచరుగారూ, పిల్లల తప్పేమీ లేదు. చార్టులో కథ తేనెటీగతో మొదలై, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు బాణం గుర్తుతో ముగుస్తుంది. అది చూసిన పిల్లలకు తేనెటీగ ఏదో డ్యూటీ మీద తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి అది వచ్చేది తిండి కోసం. ఎగరడానికి కావలసిన శక్తి మకరందం ఇస్తుంది, గూట్లో పెరిగే పిల్లపురుగులకు మాంసకృత్తులు పుప్పొడి ఇస్తుంది. ఒంటికి పుప్పొడి అంటుకోవడం, అది ఇంకో పువ్వు మీద రాలడం ఆ తిండివేటలో దానికి తెలియకుండానే జరిగిపోతాయి. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగతా పాఠం దానంతటదే వస్తుంది. తిండి దొరకని చోటికి తేనెటీగ రాదు, గూటికి చోటు లేకపోతే నిలవదు, అది రాకపోతే పిందె నిలవదు. పిందె నిలవకపోవడం పిల్లలు కళ్లారా చూడాలి. మీ రెండు నెలల పాఠానికి వెన్నెముక అదే కావాలి.

అందుకు గుమ్మడి పాదును మించింది లేదు. మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా పూస్తాయి. పువ్వులు పెద్దవి కాబట్టి చిన్న చేతులకు చక్కగా అందుతాయి. పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, గాలికి కొట్టుకుపోదు. విత్తిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూత వస్తుంది గనుక మొదటి వారమే గింజలు వేయించండి. రోజంతా ఎండ పడే చోట రెండు మీటర్ల ఎడంతో నాలుగైదు గుంతలు తీసి, ఒక్కో గుంతలో మూడేసి గింజలు రెండు మూడు సెంటీమీటర్ల లోతున పెట్టండి. మొలిచాక బలమైన మొక్కను ఉంచి మిగతావి తీసేయండి. దోస పాదు పెడదామనుకుంటే జాగ్రత్త. పరాగ సంపర్కం లేకుండానే కాసే దోస రకాలు ఉన్నాయి. అలాంటి విత్తనం పడిందంటే మీ ప్రయోగం మొత్తం తలకిందులవుతుంది.

ముందుగా వచ్చేవి మగపువ్వులే, అవి కూడా వారం పదిరోజులు వరసగా. "పూలన్నీ రాలిపోతున్నాయి, పాదు పాడైంది" అని పిల్లలు దిగులుపడతారు. ముందే చెప్పి ఉంచండి. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, రేకుల కింద గోళీ అంత పిందె ఉంటుంది. మగపువ్వుకు కింద సన్నటి కాడ ఒక్కటే. పువ్వు లోపల చూస్తే మగపువ్వులో పసుపుపచ్చ పొడి పూసుకున్న ఒకే ఒక్క కడ్డీ, ఆడపువ్వులో తమ్మెలు తమ్మెలుగా చీలి తడితడిగా మెరిసే కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, కనిపిస్తాయి.

ఆడపువ్వులను మూడు గుంపులు చేయండి. మొదటి గుంపును అలాగే వదిలేస్తాం. రెండో గుంపును విచ్చుకోకముందే తెరగుడ్డ సంచిలో కట్టి, పువ్వు వాడిపోయేదాకా ఉంచుతాం. మూడో గుంపునూ సంచిలోనే కడతాం, కానీ విచ్చుకున్న ఉదయం సంచి తీసి, పిల్లలే పుప్పొడి అద్ది, మళ్లీ కట్టేస్తారు. ఈ మూడో గుంపును సమయం లేదని వదిలేసేవాళ్లు ఎక్కువ. అది లేకపోతే ప్రయోగం ఏదీ తేల్చదు. రెండో గుంపు పిందెలు రాలినప్పుడు తెలివైన పిల్ల ఎవరో ఒకరు "సంచి కట్టడం వల్ల గాలీ వెలుతురూ తగలక రాలాయేమో" అంటుంది. ఆ అనుమానం సరైనదే. అదే సంచి కట్టినా పుప్పొడి అందిన పిందె నిలబడిందని చూపగలిగితేనే దానికి జవాబు. పోల్చి చూడటం ఎందుకో ఆరో తరగతి పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే గుర్తించాలి. కొన పసుపు తిరిగి, రేకులు ఇంకా మెలిపెట్టినట్టు బిగుసుకుని ఉంటుంది. దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న సంచి తొడిగి, కాడ దగ్గర దారంతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, లోపల ఉక్కపోసి తడి చేరి పువ్వు కుళ్లిపోతుంది. మూడో గుంపు కోసం అదే సాయంత్రం ఒకటి రెండు మగమొగ్గలకూ సంచి కట్టండి, లేకపోతే తెల్లారేసరికి పుప్పొడిని తేనెటీగలు ఊడ్చుకుపోతాయి. మగపువ్వును కాడతో సహా కోసి, రేకులు తుంచేసి, లోపలి కడ్డీని ఆడపువ్వు కీలాగ్రం తమ్మెలన్నిటికీ నెమ్మదిగా రాయాలి. ఒక్క తమ్మెకే రాస్తే కాయ ఒకవైపు ఊది, ఇంకోవైపు ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. అలాంటి వంకర కాయ దొరికితే పారేయకండి. అడ్డంగా కోసి చూపిస్తే ముడుచుకున్న వైపు గింజలు తక్కువగా, తాలుగా ఉంటాయి. ఒక్కో గింజ కట్టడానికి కనీసం ఒక్కో పుప్పొడి రేణువు కావాలన్న మాట అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా సమయంతోనే. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని మధ్యాహ్నం లోపే ముడుచుకుంటుంది. ఎండ ముదిరే కొద్దీ పుప్పొడి సత్తువ తగ్గుతుంది. సైన్స్ పీరియడ్ మధ్యాహ్నం ఉంటే ఈ పని కాదు. బడి మొదలయ్యే ముందు నలుగురైదుగురు పిల్లలు వంతులవారీగా వచ్చి చేయాల్సిందే. ఆడపువ్వులు రోజుకు ఒకటీ అరా వస్తాయి కాబట్టి ఎలాగూ క్లాసు మొత్తానికి ఒకేసారి కుదరదు. గుంపుకు అయిదేసి పువ్వులైనా లెక్కకు రావాలి. ప్రతి కాడకూ దారంతో చీటీ కట్టి గుంపు, తేదీ పెన్సిలుతో రాయించండి. సిరా వానకు చెరిగిపోతుంది. పుప్పొడి అందని పిందె వారం లోపే పసుపుబారి, మెత్తబడి రాలిపోతుంది. అందినది రోజురోజుకూ ఊరుతుంది. చుట్టుకొలత దారంతో కొలిపించి రాయించండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పాదు మీద అప్పటికే రెండు మూడు కాయలు పెరుగుతుంటే, పుప్పొడి అందిన కొత్త పిందెను కూడా పాదు తానే రాల్చేయవచ్చు. మోయగలిగినన్ని కాయలే అది నిలుపుకుంటుంది. అందుకని లెక్కలోకి తొలి ఆడపువ్వులనే తీసుకోండి.

పూత వచ్చేలోపు చేతిలో ఆరు వారాలు ఉంటాయి. మొదటి పీరియడులో ఒక పువ్వును విప్పి చూడటం సరిపోతుంది. ఇద్దరికొక మందార ఇవ్వండి, రేకు మందారే కావాలి. ముద్ద మందారలో పుప్పొడినిచ్చే కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, పిల్లలు వెతికి వెతికి విసిగిపోతారు. రేకులు గోటితోనే తీయించండి. అడుగున ఉన్న అండాశయాన్ని మాత్రం మీరే బ్లేడుతో అడ్డంగా కోసి, అయిదు గదుల్లో తెల్లటి అండాలను భూతద్దంలో చూపించండి. తర్వాత కేసరాలను నల్ల కాగితం మీద తట్టమని, వేలికి అంటిన పొడిని చూడమని చెప్పి ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పువ్వులోని పొడి ఆ మూల కుండీలో ఉన్న పువ్వు కీలాగ్రం మీదికి ఎలా చేరుతుంది?" జవాబు మీరు చెప్పొద్దు. గాలి, చీమలు, వాన, పక్షులు అంటూ ఎవరు ఏమన్నా బోర్డు మీద రాసి ఉంచండి. ఆరు వారాల తర్వాత ఆ జాబితాను పిల్లలే దిద్దుతారు.

రెండో పీరియడుకు ఒక ఆట. పన్నెండు కాగితపు కప్పులు తీసుకుని ఆరింటికి ఎర్ర రేకులు, ఆరింటికి నీలం రేకులు అంటించండి. ప్రతి కప్పు అడుగున నాలుగైదు పూసలు వేయండి, అది మకరందం. ఎర్ర పూల అంచులకు లోపలివైపు ఎర్ర సుద్దపొడి, నీలం పూలకు నీలం పొడి పట్టించండి. ఒక రకంలో ఒక్క పువ్వుకు మాత్రం పొడి పూయకుండా ఉంచాలి. తేనెటీగగా వచ్చిన పిల్ల రెండు వేళ్లకు దూది చుట్టుకుని, ఒక నిమిషంలో వీలైనన్ని పూసలు ఏరాలి. ఒక్కో పువ్వులో ఒక్కటే తీయాలి. పొడి గురించి నోరెత్తకండి. ఆట అయ్యాక పొడి పూయని కప్పు అంచు చూడమనండి, రంగు అంటుకుని ఉంటుంది. "నువ్వు పూసావా?" అని అడిగితే "లేదు, నేను పూసలు ఏరుతున్నా" అంటారు. మీ పరీక్ష ప్రశ్నకు అసలు జవాబు అదే. రెండో విడతలో ఎర్ర కప్పు అంచున నీలం పొడి చూపించి, అది ఎందుకూ పనికిరాదని చెప్పండి. గుమ్మడి పుప్పొడితో మందారకు గింజ కట్టదు కదా. తేనెటీగ ఒక విడత తిండికి బయల్దేరితే చాలావరకు ఒకే రకం పూల మీద తిరుగుతుంది, మొక్కకు దాని విలువ అక్కడే ఉంది. ఆస్తమా ఉన్న పిల్లలను సుద్దపొడికి దూరంగా కూర్చోబెట్టి టైమ్ చూసే పని అప్పగించండి.

ఇదే పీరియడులో ప్లాస్టిక్ స్కేలును పొడి జుట్టుకు రుద్ది పుప్పొడి మీదికి తెస్తే రేణువులు ఎగిరి అతుక్కుంటాయి. ఎగిరే తేనెటీగ ఒంటికీ విద్యుదావేశం చేరుతుంది, పుప్పొడి అంటుకోవడానికి ఒంటి నూగుతో పాటు అదీ తోడ్పడుతుంది. గాల్లో తేమ ఎక్కువున్న రోజు ఈ ప్రయోగం పని చేయదు, ఎండ కాసే రోజు పెట్టుకోండి.

ల్యాబులో శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్క్, ఉంటే వంకాయ లేదా టమాటా పువ్వుతో ఒక అద్భుతం చూపించవచ్చు. వంకాయ పువ్వులో పుప్పొడి పైకి కనబడదు. పుప్పొడి ఉండే పరాగకోశాలు మూసిన గొట్టాల్లా ఉంటాయి, కొనలో మాత్రం సన్నటి రంధ్రాలు. శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి, మోగుతుండగా పువ్వు కాడకు తాకించి, కింద నల్ల కాగితం పట్టండి. పసుపుపచ్చ పొడి జల్లున రాలుతుంది. అప్పుడే విచ్చిన పువ్వు కావాలి, రెండు రోజుల పువ్వులో పెద్దగా మిగలకపోవచ్చు. నల్ల తుమ్మెద ఇదే పని చేస్తుంది. పువ్వును కరుచుకుని, రెక్కలు కదపకుండా రొమ్ము కండరాలను అదిలించి పొడి రాల్చుకుంటుంది. తేనెనిచ్చే తేనెటీగకు ఈ విద్య రాదు. అందుకే ఈ పువ్వు మాకు చాలా ఇష్టం. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయనీ, తేనె నిల్వ చేసేవి వాటిలో కొన్నే అనీ, ఎక్కువ జాతుల్లో ప్రతి ఆడది ఒంటరిగా గూడు కట్టుకుంటుందనీ చెప్పడానికి దారి తీస్తుంది. తర్వాత ఈగలు, పెంకు పురుగులు, సీతాకోకచిలుకలు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు, గబ్బిలాలు, పక్షుల దాకా వెళ్లవచ్చు. చాక్లెట్ ఇచ్చే కోకో పువ్వులో పని చేసేది నుసుమంత ఈగ అని తెలిస్తే ఏ పిల్లవాడూ మర్చిపోడు.

మూడు, నాలుగో వారాల్లో పూల దగ్గర కూర్చుని లెక్కపెట్టించండి. అర మీటరు చొప్పున నాలుగు పుల్లలు, దారం తీసుకుని చదరం వేస్తే చాలు. ముగ్గురు పిల్లలకో చదరం ఇవ్వండి. ఒకరు చూసి చెబుతారు, ఒకరు రాస్తారు, ఒకరు టైమ్ చూస్తారు. పది నిమిషాలు. నీడ పూల మీద పడకుండా కూర్చోవాలి, నీడ కదిలితే కీటకాలు లేచిపోతాయి. జాతి పేర్లు అక్కర్లేదు. తేనెటీగ, తుమ్మెద, ఈగ, సీతాకోకచిలుక, పెంకు పురుగు, చీమ, ఇతరం అని గడులు గీస్తే సరిపోతుంది. పసుపు, నలుపు చారలున్నవన్నీ తేనెటీగలని రాసేస్తారు. తేనెటీగ వేషంలో తిరిగే ఈగలు చాలా ఉన్నాయి. ఈగకు రెండే రెక్కలు, పొట్టి మీసాలు, తలంతా కళ్లు. తేనెటీగకు నాలుగు రెక్కలు, పొడుగు మీసాలు. పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడిందంటే అది ఈగ అయ్యే అవకాశమే ఎక్కువ. ఇంకో గడి తప్పనిసరిగా పెట్టండి: "ఒళ్లు కేసరాలకు, కీలాగ్రానికి తగిలిందా?" వచ్చిన ప్రతిదీ పుప్పొడి మోయదు. చీమ చాలాసార్లు మకరందం తాగి పోతుంది. తుమ్మెద కొన్ని గొట్టం పూలను అడుగున కొరికి, పొడి తగలకుండానే మకరందం దొంగిలిస్తుంది. మబ్బు, గాలి ఉన్న రోజు సున్నా వస్తే సున్నా అనే రాయించండి. పక్కన వాతావరణం రాసి ఉంటే ఆ సున్నా కూడా సమాచారమే.

పరాగ సంపర్కం ఎందుకు ముఖ్యమో చెప్పేటప్పుడు ఒక మాట నుంచి పిల్లలను కాపాడండి. తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్లే ఆయుష్షని ఐన్‌స్టీన్ అన్నట్టు అంతటా తిరుగుతోంది. ఆయన అలా అన్నట్టు ఆధారం లేదు. విషయం కూడా తప్పు. వరి, గోధుమ, మొక్కజొన్నలకు కీటకాలు అక్కర్లేదు, గాలితోనో తమంతట తామో గింజ కట్టుకుంటాయి. 2007లో వచ్చిన ఒక అధ్యయనం 115 ముఖ్యమైన ఆహార పంటలను పరిశీలిస్తే, 87 పంటలకు జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కం ఎంతో కొంత తోడ్పడుతోంది. బరువు లెక్కన చూస్తే మాత్రం ప్రపంచ ఆహార ఉత్పత్తిలో ఆ పంటల వాటా 35 శాతం దాకానే. పంటల సంఖ్యలో అంత ఎక్కువ, బరువులో ఇంత తక్కువ ఎందుకో పిల్లలనే ఆలోచించమనండి. బరువంతా ధాన్యాలది, పోయేది ఎక్కువగా పండ్లు, కూరలు, గింజలు, వాటిలోని విటమిన్లు అని వాళ్లే పట్టుకుంటారు. భయపెట్టే అబద్ధం కంటే ఈ నిజం చాలా బలమైనది.

నిన్న తిన్నవన్నీ చీటీల మీద రాయించి మూడు డబ్బాల్లో వేయించండి. కీటకాలు అక్కర్లేనివి ఒకదాంట్లో. కీటకాలు వస్తేనే కాసేవి, లేదా బాగా కాసేవి రెండోదాంట్లో: గుమ్మడి, పుచ్చ, ఆపిల్, బాదం. మూడో డబ్బాయే అసలైనది: మనం తినేది వేరో ఆకో గానీ విత్తనానికి కీటకాలు కావలసినవి. క్యారెట్, ఉల్లి, క్యాబేజీ దాంట్లోకి వెళతాయి. అరటి దగ్గర తప్పకుండా గొడవ పడతారు. తోటల్లో పెంచే అరటి పరాగ సంపర్కం లేకుండానే కాస్తుంది, గింజ లేనిది అందుకే.

ఇక్కడ ఎడ్మండ్ ఆల్బియస్ గురించి చెప్పండి. వనిల్లా తీగ స్వస్థలం మెక్సికో. దాన్ని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చి నాటితే బాగానే పెరిగింది, పూసింది, కాయ మాత్రం కట్టలేదు. ఆ పువ్వుకు పని చేసిపెట్టే కీటకాలు అక్కడ లేవు. 1841లో ఆ దీవిలో బానిసగా ఉన్న పన్నెండేళ్ల ఎడ్మండ్, పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య అడ్డంగా ఉన్న పల్చటి పొరను సన్నటి పుల్లతో ఎత్తి, బొటనవేలితో రెంటినీ కలిపే పద్ధతి కనిపెట్టాడు. వనిల్లా తోటల్లో ఇప్పటికీ ఒక్కో పువ్వుకూ చేత్తో ఇలాగే చేస్తారు. మీ ఆరో తరగతి పిల్లల ఈడువాడు.

హెడ్మాస్టరుగారి పెట్టె సంగతి: వద్దనే మా అభిప్రాయం. తేనెటీగల పెట్టె అంటే పశువును పెంచడమే. తెలిసినవాళ్లు క్రమం తప్పకుండా తెరిచి చూడాలి, సెలవుల్లో కూడా. పెట్టెలో వేల కొద్దీ తేనెటీగలుంటాయి. చుట్టూ పూలు చాలకపోతే అక్కడి ఒంటరి తేనెటీగల తిండి అవి లాగేసుకుంటాయి. పాఠానికి అది అక్కర్లేదు కూడా. దాని బదులు ఒంటరి తేనెటీగలు గూడు పెట్టుకునేలా, రంగు, మందు పూయని గట్టి కర్రదిమ్మె ఒకటి తీసుకుని 4, 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు, 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతున వేయించండి. రంధ్రం అవతలికి పోకూడదు, రెండు వైపులా తెరిచి ఉంటే తేనెటీగలు సాధారణంగా దిగవు. నోటి దగ్గర పేళ్లు లేకుండా గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే రెక్కలు చిరుగుతాయి. ఉదయపు ఎండ పడేలా, మీటరు ఎత్తు పైన, వాన తగలకుండా, ఊగకుండా బిగించండి. రంధ్రం మూతిని తేనెటీగ మట్టితోనో ఆకు ముక్కలతోనో మూసేసిందంటే లోపల గుడ్లు పెట్టినట్టే. ఇలాంటి దిమ్మెలు పేర్చి పెద్ద పెద్ద "హోటళ్లు" కట్టకండి, ఒకే చోట గుంపు చేరితే పరాన్నజీవులు, బూజు పెరుగుతాయి. అన్నిటికంటే సులువైంది ఇంకొకటి ఉంది. తేనెటీగ జాతుల్లో ఎక్కువ శాతం నేలలోనే గూడు పెడతాయి. ఎండ పడే చోట చదరపు మీటరు నేలను తవ్వకుండా, ఆకులు కప్పకుండా, తొక్కకుండా వదిలేస్తే చాలు.

పూలు కూడా అలాగే. ఒకే రకాన్ని ఒకచోట గుబురుగా పెంచండి. రేకులు మడతలు మడతలుగా ఉన్న ముద్దబంతి అందంగా ఉంటుంది గానీ తేనెటీగకు అందులో దొరికేది తక్కువ. పొద్దుతిరుగుడులో బొకేల కోసం చేసిన పుప్పొడి లేని రకాలున్నాయి, విత్తనం కొనేటప్పుడు చూసుకోండి. కొత్తిమీరను కొంత కోయకుండా పూతకు వదిలేస్తే చిన్న ఈగలకు విందే. పురుగుమందు కొట్టకండి, పూత మీద ఉన్నప్పుడు అసలే వద్దు.

తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. ముందుగా చీటీ పంపి, కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన పిల్లలెవరో తెలుసుకోండి. బడి చుట్టూ తేనెపట్టు గానీ కందిరీగల గూడు గానీ ఎక్కడున్నాయో ముందే చూసి, అటు పోనివ్వకండి. తేనెటీగలు ప్రమాదకరం అయ్యేది గూడు దగ్గరే. పువ్వు మీద ఉన్నది నొక్కితేనో చేతిలో పట్టుకుంటేనో తప్ప సాధారణంగా కుట్టదు. కుడితే ముల్లు వెంటనే గీకేయాలి. దాని విషపు సంచి ఇంకా పని చేస్తూనే ఉంటుంది గనుక ఎలా తీశారన్నదానికంటే ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. తర్వాత చల్లటి గుడ్డ వేయండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పరీక్షలో నిర్వచనం అడగకండి. "మూడో అంతస్తు బాల్కనీలో, దోమతెర లోపల గుమ్మడి పాదు ఉంది. మగ, ఆడ పూలు రెండూ పూస్తున్నాయి. పిందెలు రాలిపోతున్నాయి. కారణం ఏమై ఉంటుంది? నీ అనుమానం నిజమో కాదో ఎలా తేలుస్తావు?" అని ఇవ్వండి. కీటకాలు రావడం లేదన్నందుకు సగం మార్కులు, కొన్ని పూలకు చేత్తో అద్ది కొన్నిటిని వదిలేసి పోల్చి చూస్తానన్నందుకు మిగతా సగం.

కాయలు ముదిరాక గింజలు దాచేటట్టయితే మూడో గుంపు కాయలవే దాచండి. ఏ మగపువ్వుతో అద్దారో మీకు తెలుసు, రకం చెడదు. వదిలేసిన పూల కాయల్లో చుట్టుపక్కల వేరే గుమ్మడి రకాల పుప్పొడి కలిసి ఉండవచ్చు. ఆ గింజలతో వచ్చే ఏడు పండిన కాయ చేదుగా ఉంటే ఎవరినీ తిననివ్వకండి, ఆ చేదు పదార్థం కడుపులో వికారం, వాంతులు తెస్తుంది, వండినా పోదు.